నెట్ సెంటర్‌లో నీలం ఈ

2003 ఎండాకాలంలో మా నెట్ సెంటర్‌లోని కంప్యూటర్లు ఎవరూ అడక్కుండానే బూతు బొమ్మలు చూపించడం మొదలుపెట్టాయి. మరుసటి ఏడాది చివరిదాకా ఆ పీడ వదల్లేదు. ఇప్పుడు చెబితే మా పిల్లలు నవ్వుతారు. అప్పుడు మా ఇంట్లో ఎవరికీ నవ్వు రాలేదు. ఆడమనిషి నడిపే సెంటరు, పక్క సందులో జూనియర్ కాలేజీ, ఎదురుగా రామాలయం. ఊరు మాట్లాడుకోవడానికి అంతకంటే ఏం కావాలి?

మాది గుంటూరు జిల్లాలో ఒక మండల కేంద్రం. తెనాలి వెళ్లాలంటే బస్సులో గంట. పెళ్లికి ముందు నేను తెనాలిలో డీటీపీ ఆపరేటర్‌ని. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో శుభలేఖలు, కరపత్రాలు, కాలేజీల ప్రశ్నపత్రాలు కొట్టేదాన్ని. పెళ్లయ్యాక అత్తగారింటి వీధిగదిలో ఒక కంప్యూటరు పెట్టుకుని అదే పని సాగించాను. ఊళ్లోంచి అమెరికా వెళ్లే పిల్లలు పెరిగేకొద్దీ, శుభలేఖలకి వచ్చేవాళ్లకంటే “అమ్మాయ్, మావాడు మెయిల్ ఏదో పెట్టాడంట, కాస్త తీసి చూపించు” అని వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. మా మరిది చీటీ పాడి, ఆ డబ్బుతో సికింద్రాబాద్ సీటీసీలో నాలుగు పాత సిస్టమ్స్ కొనుక్కొచ్చాడు. 64 ఎంబీ ర్యామ్, విండోస్ 98 రెండో ఎడిషన్. నా డీటీపీ కంప్యూటరుకి మోడెమ్, దాని వెనక హబ్బు, హబ్బు నుంచి నాలుగింటికీ వైర్లు. సంచార్‌నెట్ కార్డు గీకి, నంబరు డయల్ చేసి, ఆ కీచుమనే చప్పుడు ఆగాక ఒకే ఫోను లైను మీద ఐదు కంప్యూటర్లూ నడవాలి. గంటకి ఇరవై రూపాయలు.

అమెరికా పిల్లలు ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసి పంపేవాళ్లు. నేను పెద్దవాళ్లకి పైకి చదివి వినిపించేదాన్ని. జవాబు వాళ్లు చెబుతుంటే నేను కొట్టేదాన్ని. కోడలి మీద చాడీలూ, పొలం తగాదాలూ, మోకాళ్ల నొప్పులూ అన్నీ నా చెవిన పడేవి. బయటికి ఒక్క మాట పొక్కనివ్వలేదు. ఆ నమ్మకం మీదే సెంటరు నడిచింది కాబట్టి ఇది రాస్తున్నాను. తర్వాత పోయింది కూడా ఆ నమ్మకమే.

వచ్చేవాళ్లలో చాలామందికి నేను నేర్పిన ఇంటర్నెట్ పాఠం ఒక్కటే: “ఆ నీలం ఈ మీద రెండుసార్లు నొక్కండి.” ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అనే పేరు మా ఊళ్లో పలికేవాళ్లు లేరు. నీలం ఈ అంటే నెట్, నెట్ అంటే నీలం ఈ. విండోస్ వేస్తే అదీ దాంతోపాటు వచ్చేస్తుంది. ఒక కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీలోంచి అన్నింట్లోనూ దాని ఆరో వెర్షన్ వేశాం. అప్పట్లో ప్రపంచంలో నూటికి తొంభై మందికి పైగా దాంట్లోనే నెట్ చూసేవాళ్లు. దొంగలు కూడా జనం ఎక్కడుంటే అక్కడికే వస్తారు కదా.

మొదట హోమ్ పేజీ మారింది. తెరవగానే యాహూ రావాల్సింది, పేరు తెలియని ఒక సెర్చ్ పేజీ వచ్చింది. ఇంటర్నెట్ ఆప్షన్స్‌లోకి వెళ్లి మార్చాను. రీస్టార్ట్ చేస్తే మళ్లీ అదే. తర్వాత పైన ఒక కొత్త టూల్‌బార్ మొలిచింది. ఫేవరెట్స్‌లో నేను పెట్టని పేర్లు చేరాయి, అన్నీ పచ్చి బూతు పేర్లు. ఆ తర్వాత బొమ్మలు. ఒక కిటికీ మూస్తే మూడు తెరుచుకునేవి. ఆ మూడూ మూసేలోపు వెనక ఇంకొన్ని. కొన్నింటికి మూసే గుర్తే ఉండేది కాదు, ఆల్ట్ ఎఫ్ 4 కొట్టాల్సిందే.

నా డీటీపీ కంప్యూటరులో ఇంకో రకం దూరింది. మోడెమ్ దానికదే కట్టయి, ఇంకేదో నంబరుకి డయల్ చేయడం మొదలుపెట్టేది. ఆ నంబరు మన దేశంది కాదు. ఖరీదైన విదేశీ నంబర్లకి ఫోను కలిపి బిల్లులో వాటా కొట్టేసే ప్రోగ్రాములు అప్పట్లో ఉండేవి. మా ఫోనుకి మామయ్యగారు ఐఎస్‌డీ తీయించేసి ఉండబట్టి బతికాం. లేకపోతే ఆ చీటీ డబ్బుకి రెండింతలు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో కట్టాల్సి వచ్చేది.

ఒకటి మాత్రం చెప్పాలి. ఆ పేజీలు బ్రౌజరు తయారుచేసినవాళ్లు పెట్టినవి కావు. ఎక్కడో కూర్చుని, ఇన్ని చూపులకి ఇంత అని డబ్బు తీసుకునే పేరులేని వాళ్లు పెట్టినవి. బ్రౌజరులో ఉన్న కన్నాలు వాళ్లకి దారి. జావా నడిపే భాగంలో ఒక కన్నం ఉంటే 2003 ఏప్రిల్‌లోనే దానికి ప్యాచ్ వచ్చింది. ఐదు కంప్యూటర్లు పంచుకునే మోడెమ్ మీద, గిరాకీ ఆపుకుని, ఎంబీలకి ఎంబీలు ప్యాచులు దింపుకోవడం ఎవరి వల్ల అవుతుంది? పైగా ఆ ప్యాచులు ఇచ్చే సైటు కూడా నీలం ఈలోనే తెరుచుకునేది. వేరే బ్రౌజరుతో వెళ్తే ఒప్పుకునేది కాదు.

ఎంసెట్ ర్యాంకులు వచ్చిన రోజు సంగతి చెప్పక తప్పదు. ఆ రోజు పొద్దున్నుంచీ అరుగు మీద జనం. హాల్‌టికెట్ నంబర్లు రాసిన చీటీలు నా బల్ల మీద కుప్ప. మా వీధి చివర ఉండే ఒక మాస్టారు కూతుర్ని తీసుకుని వచ్చారు. ఆ పిల్ల నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. మూడో సిస్టమ్ ఖాళీ అయితే కూర్చోబెట్టాను. నీలం ఈ నొక్కింది. తెర నిండా ఒక బొమ్మ. పిల్ల చెయ్యి మౌస్ మీదే బిగుసుకుపోయింది. నేను వెనకనుంచి చెయ్యి చాపి ఆల్ట్ ఎఫ్ 4 కొట్టాను. ఇంకోటి వచ్చింది. కొట్టాను. ఇంకోటి. ఆఖరికి మానిటర్ బటన్ నొక్కేశాను. నల్లటి తెరలో ఆ పిల్ల మొహం, వెనక నా మొహం, దాని వెనక మాస్టారి మొహం కనిపించాయి. ఆయన అరవలేదు. “ఇదా అమ్మా నువ్వు మా పిల్లలకి చూపించేది?” అన్నారు. కూతుర్ని లేపి తీసుకెళ్లిపోయారు. ర్యాంకు చూసుకోలేదు. చీటీ నా బల్ల మీదే ఉండిపోయింది.

ఆ పిల్ల కూర్చోకముందు ఆ సిస్టమ్ మీద ఎవరున్నారో, ఏం చూశారో ఎవరూ అడగలేదు. ఎవరూ ఏమీ చూడక్కర్లేదని, ఏ పాటల సైటుకో వెళ్లి వస్తే చాలు, అది అంటుకుంటుందని చెబితే నమ్మేవాళ్లు లేరు. “కంప్యూటరు దానికదే చూపిస్తుందా? ఎవడో చూశాడు, నువ్వు డబ్బు తీసుకున్నావు” అన్నారు. ఎలా కాదనను? వాళ్లకి తెలిసిన లోకంలో టీవీ దానికదే చానల్ మార్చుకోదు.

నెల తిరక్కుండానే మెయిళ్ల కోసం వచ్చే పెద్దవాళ్లు మానేశారు. కాలేజీ పిల్లల్ని తల్లులు అరుగు మీంచే వెనక్కి పిలుచుకున్నారు. ఎప్పుడూ రానివాళ్లు కొందరు రావడం మొదలుపెట్టారు. ఆ గిరాకీ నాకొద్దు. వాళ్లకి సిస్టమ్స్ పాడయ్యాయని చెప్పి పంపేసేదాన్ని. అత్తగారు రోజూ ఒక మాట అనేవారు: “శుభలేఖలు కొట్టుకునేదానివి సుబ్బరంగా, ఎందుకే ఈ కొరివి?” మామయ్యగారు ఏమీ అనకుండా పేపరు పట్టుకుని వచ్చి సెంటరులో కూర్చునేవారు, కాపలా అన్నమాట. ఆయన్ని చూసి మిగిలిన నలుగురు కుర్రాళ్లూ జారుకునేవాళ్లు.

ఒక సాయంత్రం స్టేషన్ నుంచి ఒకాయన వచ్చారు. ఎవరో చెప్పారంట. మర్యాదగానే మాట్లాడారు. రిజిస్టర్ ఉందా అని అడిగారు. సిస్టమ్స్ మధ్య ఉన్న ప్లైవుడ్ అడ్డాలు తీయించమన్నారు. మళ్లీ వస్తాను, సెక్షన్ 67 చూసుకోండి అని చెప్పి వెళ్లారు. మామయ్యగారికి తెలిసిన వకీలుగారిని అడిగితే, ఐటీ చట్టంలో బూతు ప్రచురించడం, పంపడం మీద ఉన్న సెక్షన్ అదేనన్నారు. మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. అప్పటి చట్టంలో అలాగే ఉండేది, శిక్షలు 2008లో మార్చారు. అడ్డాలు ఆ రాత్రే ఊడబీకాం. చాలా ఏళ్ల తర్వాత, 2011లో, నెట్ సెంటర్లకి కేంద్రం నిబంధనలు పెట్టింది. అడ్డాలు నాలుగున్నర అడుగులు దాటకూడదట. మావి అప్పటికి ఎప్పుడో పొయ్యిలోకి పోయాయి.

బాగుచేయడం మా సెంటరుకి వచ్చే ఒక బీటెక్ కుర్రాడి పుణ్యమా అని మొదలైంది. గుంటూరు హాస్టల్ నుంచి ఆదివారం ఇంటికి వస్తూ ఫ్లాపీలో ఒక చిన్న ప్రోగ్రాం తెచ్చాడు. పేరు హైజాక్‌దిస్. మెరిన్ బెల్లెకోమ్ అనే డచ్ విద్యార్థి రాసి ఉచితంగా ఇచ్చినది. నొక్కితే ఒక జాబితా ఇస్తుంది, తీర్పు చెప్పదు. ఏది ఉంచాలో ఏది తీయాలో మనమే తేల్చుకోవాలి. ఆర్0, ఆర్1 అని మొదలయ్యేవి హోమ్ పేజీ వరసలు. ఓ1 అయితే హోస్ట్స్ ఫైలు, అంటే ఫలానా సైటు అడిగితే ఇంకెక్కడికో పంపే చిట్టా. ఓ2 బ్రౌజరులోకి దూరి కూర్చునే చిన్న ప్రోగ్రాములు. ఓ4 సిస్టమ్ లేవగానే లేచేవి. జాబితాని ప్రింటు తీసి ఎర్ర పెన్నుతో ప్రూఫులు దిద్దినట్టే దిద్దేదాన్ని. ఆ పని నాకు అలవాటే. తప్పు అక్షరం పట్టుకునే కన్ను అక్కడ పనికొచ్చింది. విండోస్ ఫైళ్ల పేర్లలో ఒక అక్షరం మార్చి కూర్చున్న దొంగలు ఓ4 వరసలోనే ఎక్కువ దొరికేవాళ్లు.

శుభ్రం చేసిన సిస్టమ్ రెండు మూడు రోజులు బాగుండేది. ఎవరో వచ్చి నీలం ఈ తెరిచేవాళ్లు, మళ్లీ మొదటికొచ్చేది. అందుకని ఆ కుర్రాడే అన్నాడు: “అక్కా, కడుగుతూ కూర్చుంటే లాభం లేదు. ఆ ఈనే తీసేద్దాం.”

తీసేయడం ఎంత పని అనుకున్నాం. డెస్క్‌టాప్ మీద గుర్తు తీసేశాం, క్షణం పట్టింది. ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి వెళ్లి అసలు ఫైలు చెరిపేశాం. విండోస్ 98 ఏమీ అడ్డు చెప్పలేదు. అయిపోయింది అనుకుని ఇద్దరం టీ తాగాం. అంతలో ఇంటర్ చదివే ఒకడు వచ్చి కూర్చుని, నీలం ఈ కనపడక, మై కంప్యూటర్ తెరిచి, పైన ఉండే అడ్రస్ పట్టీలో సైటు పేరు కొట్టాడు. ఫోల్డర్లు చూపించే ఆ కిటికీయే మా కళ్లముందు బ్రౌజరైపోయింది. హోమ్ బటన్ కూడా వచ్చింది. నొక్కాడు. పాత బొమ్మలే.

మేం చెరిపిన ఫైలు వంద కేబీ కూడా లేదు. అది ఉత్త గడప. పేజీని గీసి చూపించే అసలు యంత్రం ఎంఎస్‌హెచ్‌టీఎంఎల్ అనే ఇంకో ఫైలులో ఉంది, విండోస్ ఫోల్డరు లోపల. దాన్ని ఫోల్డర్ల కిటికీ వాడుకుంటుంది, హెల్ప్ వాడుకుంటుంది, మెయిల్ ప్రోగ్రాం వాడుకుంటుంది. గోడలో ఇటుకలతో కలిపి కట్టేసిన తలుపు అది. చెక్క ఊడదీసినా కంత అలాగే ఉంటుంది, కంత పూడ్చబోతే గోడ కదులుతుంది.

ఈ తగాదా నాకంటే ముందే అమెరికాలో కోర్టుకెక్కిందని నాకు తర్వాత తెలిసింది. మైక్రోసాఫ్ట్ మీద అక్కడి న్యాయశాఖ, కొన్ని రాష్ట్రాలు కలిసి 1998 మే 18న కేసు వేశాయి. విండోస్‌కి బ్రౌజరుని కట్టేసి పోటీదారుల్ని తొక్కేశారన్నది అందులో ఒక ముఖ్య ఆరోపణ. రెండూ ఒకటే వస్తువు, విడదీస్తే విండోస్ దెబ్బతింటుందని కంపెనీ వాదన. అంతకు ముందు వేరే వివాదంలో విండోస్ 95 నుంచి దాన్ని తీయడం మీద వాదనలు జరిగితే, జడ్జి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ తన ఆఫీసులోనే తీయించి చూసి, తొంభై సెకన్లు కూడా పట్టలేదన్నారు. అసలు కేసులో ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ ఎడ్వర్డ్ ఫెల్టెన్, విండోస్ 98లోంచి ఎక్స్‌ప్లోరర్‌ని తప్పించే ప్రోగ్రాం రాసి సాక్ష్యం చెప్పాడు. అది వాడితే సిస్టమ్ మందగిస్తుందని చూపడానికి 1999 ఫిబ్రవరిలో కంపెనీ ఒక వీడియో వేసింది. అందులో కిటికీ పైన ఉండే పేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉందని ప్రభుత్వ వకీలు డేవిడ్ బోయ్స్ పట్టుకున్నాడు. ఇది చదివినప్పుడు నాకు ఆ వకీలు మీద గౌరవం కలిగింది. ప్రూఫ్ రీడరు కన్ను.

కంపెనీని రెండు ముక్కలు చేయాలని 2000 జూన్‌లో తీర్పు వచ్చింది. ఏడాది తర్వాత పై కోర్టు ఆ విభజనని కొట్టేసింది, గుత్తాధిపత్యం కాపాడుకోవడానికి చట్టం మీరారన్న భాగాన్ని చాలావరకు నిలబెట్టింది. ఆఖరికి రాజీ కుదిరింది. ఆ రాజీలోంచి మా దాకా దిగివచ్చినది ఏమిటంటే, విండోస్ ఎక్స్‌పీ మొదటి సర్వీస్ ప్యాక్‌లో ఒక కొత్త బటన్. నొక్కితే ఎక్స్‌ప్లోరర్ గుర్తు కనిపించకుండా పోతుంది. ఎక్స్‌ప్లోరర్ మాత్రం ఎక్కడికీ పోదు. అంత పెద్ద దేశం, అంత పెద్ద కోర్టు, అన్నేళ్లు. నేనూ ఆ కుర్రాడూ టీకి ముందు చేసిన పనే అది!

2003లో దసరా తర్వాత ఆ బీటెక్ కుర్రాడు హైదరాబాద్‌లో తెలిసినవాళ్ల దగ్గర ఒక సీడీ రాయించుకొచ్చాడు. 98లైట్ అనే సామాను. షేన్ బ్రూక్స్ అనే ఆయన తయారుచేసినది. విండోస్ 98లో ఫోల్డర్లు చూపించే భాగాన్ని తీసేసి, దాని స్థానంలో విండోస్ 95లోని పాత భాగాన్ని పెడుతుంది. పాతదానికి బ్రౌజరుతో సంబంధం లేదు. నాలుగో సిస్టమ్ మీద ప్రయోగం చేశాం. తెల్లారి చూస్తే ఆ ముసలి కంప్యూటరు పరుగెత్తుతోంది. మై కంప్యూటర్ పట్టీలో సైటు పేరు కొడితే అలాంటిది లేదు పొమ్మంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ సంతోషం మధ్యాహ్నం దాకా. హెల్ప్ నొక్కితే ఏమీ రాలేదు. చాటింగ్ ప్రోగ్రాం తెరుచుకోలేదు. చాటింగ్ లేని నెట్ సెంటరుకి కుర్రాళ్లెవరొస్తారు? బ్రౌజరుగా ఓపెరా వేశాం. ఉచితంగా వాడితే పైన ప్రకటన పట్టీ ఉండేది, అయినా బాగానే నడిచింది. మొజిల్లా పెద్దది, 64 ఎంబీలో మూలిగేది. సాయంత్రం మా రోజువారీ ఖాతాదారు వచ్చారు. శ్రీకాకుళం నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు గుమాస్తా. రోజూ ఆఫీసయ్యాక వచ్చి, తన జిల్లా వార్తలు నెట్‌లో చదువుకుని వెళ్లేవారు. ఊరు వదిలొచ్చిన మనిషికి అదొక్కటే ఆధారం. తెలుగు పత్రిక తెరిచి, “ఇదేంటమ్మా, కోడి గెలికినట్టుంది?” అన్నారు.

అప్పట్లో తెలుగు పత్రికల సైట్లు యూనికోడ్‌లో ఉండేవి కావు. ఎవరి ఫాంటు వాళ్లది. పేజీతో పాటే ఫాంటు దానంతటదే దిగే ఏర్పాటు ఒకటి ఉండేది, అది నీలం ఈలో మాత్రమే పనిచేసేది. మిగతా బ్రౌజర్లలో ఇంగ్లిష్ అక్షరాలూ, చుక్కలూ, గీతలూ కలగాపులగంగా కనిపించేవి. ఫాంటు ఫైలు విడిగా తెచ్చి విండోస్‌లో వేస్తే చాలావరకు తెలుగు వచ్చింది, కొన్ని ఒత్తులు మాత్రం పెట్టెలయ్యాయి. తర్వాత కొన్నేళ్లకి ఆ ఫాంట్లని యూనికోడ్‌లోకి మార్చి చూపించే ‘పద్మ’ అనే పొడిగింపు ఫైర్‌ఫాక్స్‌కి వచ్చింది. దాన్ని రాసినాయన ఎక్కడున్నా చల్లగా ఉండాలి. కానీ 2003లో అది లేదు. ప్రభుత్వ సైట్లయితే అడుగున రాసుకునేవి కూడా: ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో, 800 బై 600లో చూస్తే బాగా కనిపిస్తుంది అని. ఫలితాల సైట్లలో కొన్నింటికి వేరే బ్రౌజరులో నంబరు కొట్టే గడి కనిపించేదే కాదు.

అంటే ఊరు నన్ను దేనికి తిట్టిందో దాన్ని తీసేస్తే, ఊరు నా దగ్గరికి వచ్చే పనులే ఆగిపోతున్నాయి. ఉంచితే సెక్షన్ 67. ఆ రోజుల్లో నాకు నిద్ర పట్టేది కాదు. అత్తగారి మాటే విని మూసేద్దామని ఒక రాత్రి బల్ల సర్దేశాను కూడా. చీటీ వాయిదాలు ఇంకా ఉన్నాయని మరిది గుర్తుచేస్తే మళ్లీ విప్పాను.

2004 వేసవిలో పాత సిస్టమ్స్ రెండు అమ్మేసి, ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌తో ఒకటి తెచ్చాం. అందులో ఇంకో వింత. అసలు ఫైలు చెరిపేస్తే, చూస్తుండగానే మళ్లీ ప్రత్యక్షం. పేరు మార్చినా అంతే, పాత పేరుతో ఇంకోటి పుడుతుంది. ముఖ్యమైన ఫైళ్లు పోకుండా విండోస్ వేరేచోట నకళ్లు దాచుకుని తిరిగి పెట్టేసుకుంటుంది. వైరస్‌ల కాలంలో అది మంచి ఏర్పాటే, కాదనను. నాకు మాత్రం చచ్చినవాడు లేచొచ్చి మంచమ్మీద కూర్చున్నట్టుండేది.

ఆ జూన్‌లోనే ఇంకో పెద్ద దాడి జరిగింది. మంచి సైట్లలోనే విషం పెట్టి, చూసినవాళ్ల బ్రౌజరులోకి ఎక్కించారు. కంప్యూటర్ల భద్రత చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఇచ్చిన సలహాల్లో, వేరే బ్రౌజరు వాడండి అన్నది ఒకటి. ఆ వార్తని ప్రింటు తీసి గోడకి అంటించాను. మాస్టారు ఆ దారిన వెళ్తూ చూస్తారేమోనని. చూశారో లేదో తెలియదు.

దారి దొరికింది ఆ నవంబర్‌లో. ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చింది, 2004 నవంబర్ 9న. ఐదు ఎంబీల లోపే. పాపప్‌లని తనే ఆపేది. దాన్ని వేశాం. నీలం ఈని తీయడం మానేశాం. దానికి అన్నం పెట్టకుండా చేశాం. ఎలాగంటే, ఇంటర్నెట్ ఆప్షన్స్‌లో కనెక్షన్స్, అందులో ల్యాన్ సెట్టింగ్స్, అందులో ప్రాక్సీ అని ఉంటుంది. అక్కడ 127.0.0.1 అని కొట్టాం. ఆ అంకెలు ఏ కంప్యూటరులోనైనా ఆ కంప్యూటరునే సూచిస్తాయి. నీలం ఈ ఏ సైటు అడిగినా బయటికి పోకుండా తన దగ్గరే అడుగుతుంది. అక్కడ జవాబిచ్చేవాళ్లు లేరు, పేజీ రాదు. మై కంప్యూటర్ పట్టీలో కొట్టినా అదే గతి, ఎందుకంటే లోపలి యంత్రం ఒకటే. ఫైర్‌ఫాక్స్ తన ప్రాక్సీ తనే చూసుకుంటుంది కాబట్టి దానికి ఏమీ కాదు. యంత్రం పోలేదు కాబట్టి హెల్ప్ పనిచేసింది. ఫోల్డర్లు పనిచేశాయి.

ఆ ప్రాక్సీ పేజీలోనే మినహాయింపుల గడి ఒకటి ఉంది. అందులో రాసిన సైట్లకి మాత్రం దారి వదులుతుంది. ఫలితాల సైట్లు, తెలుగు పత్రికలు, ఆ ప్యాచుల సైటు, చాటింగ్ ప్రోగ్రాంకి కావలసినవి రాశాను. శ్రీకాకుళం ఆయనకి ఆయన పత్రిక మళ్లీ వచ్చింది. ఎవరైనా కొత్త సైటు అడిగితే నన్నే అడగాలి, నేను చూసి చేర్చాలి. గుమాస్తా పని, కానీ నాకు నచ్చింది.

ఒక ఇంటర్ కుర్రాడు వారంలో ఆ సెట్టింగు కనిపెట్టి టిక్కు తీసేశాడు. తిట్టాలో మెచ్చుకోవాలో తెలియలేదు. తర్వాత ఎక్స్‌పీలో కస్టమర్లకి లిమిటెడ్ అకౌంటు పెట్టి, గ్రూప్ పాలసీలో కనెక్షన్స్ పేజీ మొత్తం కనిపించకుండా చేశాం. అంతటితో ఆగింది. వెనకటి రెండు విండోస్ 98 సిస్టమ్స్‌కి అలాంటి కట్టుదిట్టం లేదు, వాటిని రోజూ రాత్రి నేనే చూసుకునేదాన్ని. ఎర్ర పెన్ను పని తగ్గిపోయింది.

గిరాకీ ఒక్కసారిగా తిరిగి రాలేదు. ముందు వచ్చినవాళ్లు రైల్వే ఫారాల కోసం, తర్వాత హాల్‌టికెట్ల కోసం. పెద్దవాళ్లలో కొందరు అసలు రాలేదు. వాళ్ల పిల్లలు ఫోన్లు చేయడం మొదలుపెట్టారు, కార్డులు చవకయ్యాయి. మాస్టారు రాలేదు. ఆ అమ్మాయి ఇంజనీరింగ్ చదువుతూ సెలవులకి వచ్చినప్పుడు ప్రాజెక్టు రిపోర్టు డీటీపీ చేయించుకోవడానికి వచ్చింది. పాత సంగతి తనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పేజీకి ఐదు రూపాయలు తగ్గించాను.

స్టేషన్ ఆయన చెప్పినట్టే మళ్లీ వచ్చారు. రిజిస్టర్ చూశారు. అడ్డాలు లేవని చూశారు. కుర్చీ లాక్కుని కూర్చుని నీలం ఈ మీద రెండుసార్లు నొక్కారు. తెల్లటి పేజీ వచ్చింది, పేజీ చూపించలేం అని ఇంగ్లిష్‌లో. ఇంకోసారి నొక్కారు. అదే.

“ఇది పనిచేయట్లేదేంటమ్మా?”

“పనిచేయనివ్వట్లేదండీ. కావలసిన సైట్లు కొన్నే వస్తాయి.”

కాసేపు ఆలోచించి, “ఇంటర్ సప్లిమెంటరీ మార్కులు వస్తాయా?” అన్నారు. జేబులోంచి ఒక చీటీ తీశారు, కొడుకు హాల్‌టికెట్ నంబరు. సైటు మినహాయింపుల్లో ఉంది. కుర్రాడు పాసయ్యాడు. ప్రింటు తీసిచ్చాను. రిజిస్టర్‌లో సంతకం పెట్టి, ప్రింటు మడిచి జేబులో పెట్టుకుని లేచారు. ప్రింటుకి డబ్బులు నేను అడగలేదు, ఆయనా ఇవ్వలేదు.